తలకట్టు

ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున
బిసోయిబాబు ప్రెస్సు షట్టరు
స్ప్రింగు తెగి నా నడినెత్తిన దిగింది.
చుక్క నెత్తురు రాలేదు.
లేచి, చీర దులుపుకుని,
ఆ పూట రెండు పెళ్ళికార్డులు కంపోజు చేశాను కూడా.
మూడోదానిలో, పెళ్ళికొడుకు పేరు దగ్గర,
అక్షరాలు చీమలై నడిచాయి.

బరంపురం పెద్దాసుపత్రిలో
నా పుర్రెను పొరలు పొరలుగా ఫొటో తీశారు.
"ఏమీ లేదమ్మా" అన్నాడు డాక్టరు, సంతోషంగా.
ఆ ఏమీలేనిదాన్ని ఒళ్ళో పెట్టుకుని
పర్లాకిమిడి బస్సెక్కాను.
దారిలో ప్రతి గతుకూ దాన్ని నిద్రలేపింది.

ఇప్పుడు కార్తీకం.
ట్యూబులైటు వేస్తే కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది.
గుణుపురం బండి కూత
ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి పోదు,
లోపలే చాప పరుచుకుంటుంది.
పళ్ళెం అడగబోయి పలక అడుగుతాను.
మా అత్త పైడమ్మ నిజంగానే పలక తెచ్చిస్తుంది,
బలపంతో సహా.

శుక్లాలు తీసినప్పుడు ఆమెకిచ్చిన నల్లద్దాలు
ఇప్పుడు నావి.
"కన్ను కోసినోలకని ఇచ్చారే ఇవి.
నీకు కోసినోలు నేరు గానీ, ఎట్టుకో" అంది.
నన్ను నమ్మినవాళ్ళలో ఆమె మొదటిది.
రెండోవాళ్ళు ఇంకా రాలేదు.

ఎదురింటి సరస్వతి పాణిగ్రాహి
ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.
ఆ పొగకి మరో రెండు రోజులు మంచం దిగలేదు.

సెల్లు బియ్యం డబ్బాలో ఉంటుంది,
తువ్వాలు కప్పుకుని.
రోజుకి ఆరు నిమిషాలు బయటికి తీస్తాను.
ఏడో నిమిషం నేల వంగుతుంది,
మహేంద్రతనయ వరదలో పడవెక్కినట్టు
కడుపు గొంతులోకొస్తుంది.
మళ్ళీ బియ్యంలోకి.
ఆ రాత్రి అన్నంలో ఎవరివో మాటలు ఉడికినట్టుంటాయి.

పాతపట్నం నుంచి కార్డులకొచ్చిన పెద్దమనిషి
నన్ను వీధరుగు మీద చూసి
"తలకి కట్టేది? కట్టు లేందే దెబ్బేటి?" అన్నాడు.

నిజమే.
ఇరవయ్యేళ్ళుగా అక్షరాలకి తలకట్లు కట్టినదాన్ని.
క కి ఉంది, చ కి ఉంది, త కి ఉంది.
నా తలకే లేదు.

ఆ రాత్రి చీకట్లో పడుకుని
వేలితో దుప్పటి మీద రాసుకుంటూ పోయాను.
జ దగ్గర ఆగాను.
జ కి తలకట్టు లేదు.
ట కి లేదు, బ కి లేదు, ల కి లేదు.
ఉత్త తలలతోనే నిలబడ్డాయి, బడి మొదలైనప్పటినుంచీ.
అయినా వాటి లోపల అ పలుకుతూనే ఉంది.
కట్టేదీ అని ఏ పంతులూ అడగలేదు,
చూపిస్తేనే పలుకుతానని ఏ పిల్లా అనలేదు.

ఒడియా అక్షరాలు ఇంకా తెలివైనవి,
ఎవరి గొడుగు వాళ్ళే పట్టుకుని పుట్టాయి.
మిట్టమధ్యాహ్నం వాటి కింద
కాసేపు దూరాలనిపిస్తుంది.

ప్రెస్సులో నా కుర్చీలో ఇప్పుడు లింగరాజు.
వాడి వేళ్ళు నాకంటే జోరు,
కళ్ళు మాత్రం తొందర.
నిన్న బిసోయిబాబు ఒక ప్రూఫు పంపాడు,
పెద్దక్షరాలతో, పసుపు కాగితం మీద,
తెల్లదైతే నాకు మెరుస్తుందని.
ఎవరు చెప్పారో ఆయనకి.
ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు:
పిల్లది పాతపట్నం, పిల్లాడిది కిమిడి.

అరుగు మీద, ఎండ ఇంకా ముదరకముందు,
స్కేలు అడ్డం పెట్టి
ఒక్కో వరసనే బయటికి రానిచ్చాను.
నాలుగో వరసలో "వదువు".
ద కింద గీత లేదు.
పెన్సిలు అందుకున్నాను.
పెన్సిల్ని పెన్సిలనే అడిగాను, పైడమ్మ నవ్వింది.
గీత పెట్టాను.
కొంచెం వంకరగా వచ్చింది, ఉండనిచ్చాను.

కళ్ళు మూసుకున్నాను.
ముహూర్తం ఎన్నింటికో ఇంకా చదవలేదు.